వాన వెలిసిందని రాసిన పిల్ల

జూన్ 3

మామయ్యా,

నువ్వూ అత్తయ్యా బాగున్నారా? ఫోన్ చేస్తే అత్తయ్యే ఎత్తుతుంది. "మీ మామయ్యకి వినపడదు, ఏంటో నాకు చెప్పు" అంటుంది. ఆవిడకి ఒకటి చెప్తే నీ దాకా వచ్చేసరికి ఇంకోటవుతుంది. అందుకే కాగితం మీద పెట్టాను. ప్రెస్సులో నలభై ఏళ్ళు ఆ మిషన్ల రొద పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు గానీ, నీ కళ్ళు మాత్రం ఇప్పటికీ గద్దకళ్ళేనని అమ్మ అంటుంటుంది.

ఆ కళ్ళతోనే పని పడింది. మందుల షాపులో ఇచ్చే జీతం నెల సగానికి కూడా రావడం లేదు. అందుకని ఆన్‌లైన్‌లో ఒక పని పట్టాను. కంపెనీ వాళ్ళు మన భాషలో రాసిన వాక్యాలు పంపుతారు. వాటిలో తప్పులు దిద్ది తిరిగి పంపాలి. వాక్యానికింత అని డబ్బు వేస్తారు. తీరా చూస్తే నేను దిద్దినవాటిలోనే తప్పులున్నాయని రెండుసార్లు వెనక్కి కొట్టారు. మూడోసారి కూడా అయితే నా అకౌంటు మూసేస్తారట.

నువ్వు కంప్యూటరు ముట్టుకోనక్కర్లేదు. నేను ప్రింటు తీసి బస్సు పార్సెల్లో వేస్తాను. మొదటి కట్ట దీనితోపాటే వేశాను. నువ్వు నీ ఎర్రపెన్నుతో దిద్ది అలాగే పంపు. నేను చూసి టైపు చేసుకుంటాను. కాగితానికింత అని నీకూ ఇస్తాను. ఈ ఒక్క సాయం చెయ్యి, జీవితాంతం నీకు కృతఘ్నుణ్ణై ఉంటాను.

నీ మేనల్లుడు

*

జూన్ 8

ఒరే అల్లుడూ,

కృతజ్ఞుడంటే మేలు గుర్తుంచుకునేవాడు. కృతఘ్నుడంటే మేలు చేసినవాడికి ద్రోహం చేసేవాడు. నువ్వు రెండోవాడివై ఉంటానని రాసిచ్చావు. మీ అత్తయ్యకి చదివి వినిపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది. మొత్తం నీ ఉత్తరంలో పదకొండు తప్పులు. నీ అకౌంటు ఇన్నాళ్ళు బతకడమే ఆశ్చర్యం.

కట్ట అందింది. విప్పగానే ప్రాణం లేచొచ్చింది. ప్రెస్సులోంచి పంపేశాక ఈ మూడేళ్ళలో నేను దిద్దినవి కిరాణా కొట్టు బోర్డూ, కరెంటు బిల్లూ మాత్రమే. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఇరవై కాగితాలూ లాగించేశాను.

కానీ పంపను. ముందు ఒక సంగతి చెప్పు. యంత్రాలకి మన భాష నేర్పడానికి ఇలాగే మనుషుల చేత తప్పులు దిద్దిస్తున్నారని పేపర్లో చదివాను. ఇది అదేనా? మా ప్రూఫు సెక్షన్లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం. మేనేజరు ఒకరోజు ఒక కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇక ఇదే చదువుతుందండీ" అన్నాడు. నా పక్క కుర్చీలో పాతికేళ్ళు కూర్చున్నవాడు ఇప్పుడు అపార్టుమెంటు గేటు దగ్గర రిజిస్టరు రాస్తున్నాడు. ఆ యంత్రానికి నా చేత్తో నేను అన్నం పెట్టను. అదే అయితే నిజం చెప్పు, కాగితాలు పొయ్యిలో వేస్తాను. ఏమీ అనుకోను.

ఎర్రసిరా మామయ్య

*

జూన్ 11

మామయ్యా,

అయ్యో, యంత్రమేంటి! నువ్వు మరీను. ఇవి ఒక అమ్మాయి రాసినవి. పద్నాలుగో పదిహేనో ఏళ్ళుంటాయి. వాళ్ళ కుటుంబం ఇన్నాళ్ళూ మన భాష లేని చోట ఉండి ఈమధ్యే వచ్చిందట. నవంబరులో స్కూలు పరీక్ష. మన భాషలో తప్పితే ఏడాది పోతుంది. పిల్లకి పట్టుదల ఎక్కువ, రోజుకి వందల వాక్యాలు రాస్తుంది. కంపెనీది మధ్యవర్తిత్వమే. పేర్లు చెప్పకూడదని రూలు, నంబరే ఉంటుంది.

కాగితాలు రేపటి బస్సుకే వెయ్యి. శనివారం గడువు.

నీ మేనల్లుడు

*

జూన్ 29

అల్లుడూ,

ముందే చెప్పొచ్చుగా. అనవసరంగా మూడు రోజులు పిల్ల చదువు ఆపాను.

నంబరుతో పిలవడానికి ఖైదీ కాదు. నేను అమ్మడూ అని రాస్తున్నాను. కాగితాల అంచున నేను రాసేవి నీ కోసం కాదు, ఆ అమ్మాయి కోసం. టైపు చేసేటప్పుడు వదిలెయ్యకుండా పంపు.

రెండొందల కాగితాలు చదివాక పిల్ల నాకు కాస్త అర్థమైంది. "నేను స్నానం తీసుకున్నాను" అంటుంది. "నాకు చల్లని పట్టుకుంది" అంటుంది. అవి నవ్వుకుని దిద్దేవి. కానీ "మా అమ్మ వచ్చాడు", "అమ్మ తల దువ్వాడు" అని పదేపదే రాస్తోంది. నాన్న దగ్గర తప్పు రావడం లేదు చూడు, అమ్మ దగ్గరే వస్తోంది. అమ్మ వచ్చిందనీ, అమ్మ దువ్విందనీ ఇంట్లో ఎవరూ అనగా విని ఉండదు. ఆ పిల్లకి తల్లి లేదురా.

ఇంకోటి. "నాన్నా, మేము బజారుకి వెళ్దామా?" అని రాసింది. మనం అనాలి. మేము అంటే ఎదుటివాడు లేనట్టు. మనం అంటే అతన్ని కూడా కలుపుకున్నట్టు. ఆ మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. మీ అత్తయ్యకి చెప్తే, "ఆ పిల్లతో మనం అనేవాళ్ళు ఎవరూ లేరేమోనండీ" అంది. మాకు పిల్లలు లేరు గానీ ఆవిడకి ఇలాంటివి నాకంటే ముందు తెలుస్తాయి.

తల్లి సంగతి నిజమో కాదో కనుక్కో. తొందరేం లేదు, గుచ్చి గుచ్చి అడక్కు.

మామయ్య

*

జూలై 14

మామయ్యా,

నువ్వు మనిషివా, ఎక్స్‌రే మిషనువా? కనుక్కున్నాను. తల్లి చిన్నప్పుడే పోయిందట. నాన్నే పెంచాడు. నువ్వు రాసిన 'మనం' సంగతి చదివి ఆ మాట పదిసార్లు రాసుకుందట. ఆ తర్వాత నవ్వి, "ఈ తాతగారు ఎవరు?" అని అడిగిందట.

ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. వాళ్ళ నాన్నకి ఉద్యోగం పోయింది. ఇక డబ్బు కట్టలేను, మానిపించేస్తానంటున్నాడు. నా సంగతి పర్లేదు, నేను వదులుకుంటాను. నీ కాగితాల డబ్బు అడగాలంటేనే నాకు నోరు రావడం లేదు. పిల్ల మాత్రం రోజుకి ఇంతకి రెండింతలు రాస్తానంటోంది. ఏం చెప్పమంటావు?

నీ మేనల్లుడు

*

ఆగస్టు 2

అల్లుడూ,

ఏం చెప్పడమేమిటి! ఇకనించి నాకు పైసా పంపకు. కాగితాలు మాత్రం ఎన్నయినా పంపు. ఈ మాట పోయినవారమే రాద్దామనుకున్నాను, ఈలోగా ఇక్కడ ఒక గొడవైంది.

పదిరోజులుగా కుడికన్నులో మెరుపులు. మొన్న పొద్దున లేచేసరికి పక్కనించి నల్లటి తెర దిగినట్టుంది. అత్తయ్య ఊరుకోక పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ పడుచుపిల్ల, మంచిది. నాకు వినపడదని తెలిసి కాగితం మీద ఇంతింత అక్షరాలతో రాసిచ్చింది: "కంటి వెనక పొర ఊడుతోంది. వారంలోపు ఆపరేషన్. తర్వాత మూడు నెలలు చదవకూడదు." నేను అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాను. "దిద్దడానికి తప్పుల్లేవు తాతగారూ, సంతకం పెట్టండి" అని కింద రాసి ఆవిడే నవ్వింది.

అత్తయ్య చెవిలో అరిచి చెప్పింది, రేపే చేర్పిస్తానని. నేను ఆగమన్నాను. మూడు నెలలంటే నవంబరు. అమ్మడి పరీక్ష కూడా అప్పుడే. నేను ఆపితే దిద్దడానికి వాళ్ళకి ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే నేను నిశ్చింతగా పడుకుంటాను. ఈ ఒక్క సంగతీ కనుక్కుని వెంటనే రాయి. మందుల షాపులో ఏడేళ్ళుగా ఉన్నావు, ఇవన్నీ నీకూ తెలుస్తాయి. ఆపరేషను కొన్నాళ్ళు వాయిదా వేస్తే ప్రమాదమా? నీ మాట మీద ఉంటాను.

మామయ్య

*

ఆగస్టు 5

మామయ్యా,

డాక్టర్లు అలాగే భయపెడతారు. మా షాపుకొచ్చే వాళ్ళలో ఇలాంటివాళ్ళని బోలెడుమందిని చూశాను. ఈ పార్సెల్లో చుక్కల మందు పెట్టాను, ఖరీదైనది. రోజుకి నాలుగుసార్లు వేసుకుంటే పొర కదలకుండా పట్టి ఉంచుతుంది. నవంబరు దాకా ఢోకా లేదు.

నీ ఆపరేషన్ సంగతి అటు చెప్పాను. "తాతగారు లేకపోతే నేను కూడా మానేస్తాను" అందట. ఇంకెవరూ లేరు. ఆ పైన నీ ఇష్టం, నేను బలవంతపెట్టను.

ఈసారి కాగితాలు ఎక్కువగా ఉన్నాయి. బస్టాండు దాకా మోయడం కష్టమయ్యేది గానీ కొత్త బండి కొన్నాను కాబట్టి సరిపోయింది.

నీ మేనల్లుడు

*

అక్టోబరు 10

అల్లుడూ,

ఈ ఉత్తరం సంతోషంతో రాస్తున్నాను. ముందు అసలు కబురు. నిన్నటి కట్టలో ముప్ఫై కాగితాలకి గాను ఎర్రసిరా పడింది నాలుగుచోట్లే. జూన్‌లో "వర్షం ముగిసింది" అని రాసిన పిల్ల, నేను ఒకే ఒక్కసారి దిద్దితే, నిన్న తనంతట తానే "వాన వెలిసింది, మనం బయటికి వెళ్దాం" అని రాసింది. మనం! ఆ కాగితం పట్టుకుని వీధి చివరి దాకా వెళ్ళొచ్చాను, చూపించడానికి ఎవరూ దొరకలేదు. చివరికి గేటు దగ్గర రిజిస్టరు రాసుకునే మా పాతవాడికి చూపించాను. "పాతికేళ్ళలో నా చేతిలో ఒక్కడూ ఇలా బాగుపడలేదు, అదృష్టవంతుడివి" అని రిజిస్టరు చివర రాసి చూపించాడు.

కుడికన్ను పోయింది. నువ్వు బెంగపెట్టుకోకు. చుక్కలు మానకుండా వేసుకున్నాను, నీ లోపమేం లేదు. మొన్న మళ్ళీ చూపిస్తే డాక్టరమ్మ ఈసారి ఏమీ రాయలేదు. ఫైలు మూసి అత్తయ్య భుజం మీద చెయ్యి వేసింది. ఎడమది బాగానే ఉంది. ఒక కంటితో వరుస తప్పకుండా చదవాలంటే కింద స్కేలు పెట్టుకోవాలి, అంతే.

పార్సెల్లో నా నిఘంటువు ఉంది. ప్రెస్సులో చేరిన ఏడు మొదటి జీతంతో కొన్నది. అందులో లేని మాటలు నేను అంచుల్లో రాసిపెట్టాను. అది అమ్మడికి ఇవ్వు. నాకిక అందులో చూసుకోవాల్సింది లేదు.

వచ్చే గురువారం అత్తయ్యా నేనూ నీ దగ్గరికి వస్తున్నాం. టిక్కెట్లు కొనేశాం. పరీక్షకి ముందు పిల్లని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం. రూలు రూలే గానీ, వాళ్ళ నాన్నని నువ్వు అడిగితే కాదనడు. అత్తయ్య జడ రిబ్బన్లు కొంది. ఆ వయసుకి వేసుకుంటారో లేదో తెలీదంటూనే కొంది.

మామయ్య

*

అక్టోబరు 13

మామయ్యా,

రావద్దు. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి, నేరుగా నీకే ఇమ్మని పంపుతున్నాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. ఆ అమ్మాయి పోయింది. జ్వరం. మూడు రోజులు కూడా కాలేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. నిఘంటువు ఆదివారం ఇచ్చాను. గుండెకి హత్తుకుందట. మంగళవారానికి లేదు.

వాళ్ళ నాన్న ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. నువ్వు వచ్చినా చూడటానికి ఎవరూ లేరు. టిక్కెట్లు వెనక్కి ఇచ్చెయ్యి. కాగితాలు ఇక రావు.

ధైర్యంగా ఉండు.

నీ మేనల్లుడు

*

అక్టోబరు 24

అల్లుడూ,

అత్తయ్య రెండు రోజులు లేవలేదు. నేను మిగిలిన నాలుగు కాగితాలూ దిద్దాను. పంపడానికి ఎవరూ లేరు కదా, అయినా దిద్దాను.

వాళ్ళ నాన్నకి రాసిన ఉత్తరం ఇందులో ఉంది, అంటించలేదు. నువ్వు కూడా చదువు. పిల్ల ఎంత బాగా రాసేదో తండ్రికి తెలిసి ఉండదు. ఆయన ఎక్కడున్నాడో వెతికి ఇవ్వాల్సింది నువ్వే. ఈ పూచీ నీ మీద పెడుతున్నాను. నీ వల్లనే కదా ఆ పిల్ల మాకు తెలిసింది. ఆ మంచి నీదే.

మామయ్య

*

జనవరి 9

మామయ్యా,

ఎలా ఉన్నావు? వాళ్ళ నాన్న జాడ ఇంకా తెలియలేదు, వెతుకుతున్నాను.

కంపెనీ నుంచి మళ్ళీ పని వచ్చింది. ఈసారి పెద్దది, పోయినసారికి మూడింతలిస్తారు. ఈసారి వేరే పిల్లాడు. వీడు కథలు రాస్తాడు, వాటిని దిద్దాలి. నేను ఒప్పేసుకున్నాను. ఈ పని నమ్ముకునే మందుల షాపు మానేశాను. ఫ్లాటుకి అడ్వాన్సు కూడా కట్టాను. నీ డబ్బు నీకు మొదటి వారమే పంపుతాను. కట్ట దీనితోపాటే వేశాను. పదిహేను రోజుల్లో కావాలి.

పనిలో పడితే నీకూ మనసు తేలికపడుతుంది.

నీ మేనల్లుడు

*

జనవరి 15

అల్లుడూ,

కట్ట విప్పలేదు, తిప్పి పంపుతున్నాను. ఇంకో పిల్లాడి వాక్యం మీద పెన్ను పెట్టలేను. నన్ను మళ్ళీ అడక్కు.

మామయ్య

*

జనవరి 19

మామయ్యా,

నిన్ను బతిమాలే ఓపిక కూడా అయిపోయింది. ఇప్పుడు నిజం చెప్తున్నాను, కూర్చుని చదువు.

అమ్మాయి లేదు. ఎప్పుడూ లేదు. ఆ వాక్యాలు యంత్రం రాసినవి. నువ్వు మొదటి ఉత్తరంలోనే అడిగావు, నేను లేదన్నాను. నిజం చెప్తే కాగితాలు పొయ్యిలో వేస్తానన్నావు కాబట్టి అన్నాను. తల్లి లేదని కనిపెట్టింది నువ్వు, నేను సరేనన్నాను, అంతే. నువ్వు అంచుల్లో రాసినవి ఏనాడూ ఎవరికీ పంపలేదు. వాటికి డబ్బు రాదు. వాళ్ళ నాన్న ఉద్యోగం పోలేదు, వాళ్ళ నాన్నే లేడు. నీ వాటా కూడా నేనే తీసుకున్నాను. ఆ చుక్కలు ఉత్త కన్నీళ్ళ మందు, కళ్ళు ఎండిపోకుండా వేసుకునేవి. వారంలోపు చేయించుకోకపోతే కన్ను దక్కదని నాకు తెలుసు. నువ్వు వస్తానన్నావు కాబట్టి పిల్లని చంపేశాను. ఇంకేం చెయ్యమంటావు, ఎవర్ని తెచ్చి చూపించను?

నమ్మకపోతే ఇదిగో, నీ నిఘంటువు. మా బీరువా మీదే ఉంది. తిప్పి పంపుతున్నాను.

నన్ను నాలుగు తిట్టు, పడతాను. కానీ లేని పిల్ల కోసం ఏడుస్తూ బతికున్నవాణ్ణి ముంచకు. ఈ నెల ఇరవై తొమ్మిదిలోగా కాగితాలు వెళ్ళకపోతే అకౌంటు పోతుంది, ఫ్లాటు పోతుంది, షాపువాడు మళ్ళీ తీసుకోడు. కట్ట మళ్ళీ పెట్టాను. నీకు ఎడమకన్ను ఉంది కదా.

నీ మేనల్లుడు

*

జనవరి 25

అల్లుడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇందులో అచ్చుతప్పు ఒక్కటీ లేదు. చాలా శ్రద్ధగా రాశావు.

అత్తయ్య నమ్మింది. చదివినప్పటినుంచి వంటింట్లోంచి బయటికి రావడం లేదు. రిబ్బన్లు చెత్తలో వేసింది. నేను తీసి కడిగి ఆరేశాను. నమ్మనన్నందుకు నాతో మాట్లాడటం మానేసింది. నాకు వినపడదని తెలిసి కూడా ఇన్నేళ్ళూ రోజంతా మాట్లాడేది. ఇప్పుడు పెదాలు కదలడం లేదు, దాంతో తెలిసింది.

నాకు లోకం తెలీదనుకుంటున్నావు. డబ్బు అవసరం పడినవాడు ఏమైనా అంటాడు. జూలైలో నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరుంది. పిల్ల 'మనం' అని పదిసార్లు రాసుకుందనీ, తర్వాత నవ్విందనీ అందులో ఉంది. అక్టోబరు ఉత్తరమూ ఉంది. గుండెకి హత్తుకుందన్నావు. అప్పుడు రాసిందా, ఇప్పుడు రాసిందా, రెంటిలో ఏదో ఒకటి అబద్ధమే. నేను ప్రూఫు రీడర్ని. ఒకే రాతప్రతిలో రెండు పాఠాలుంటే ఏది నిలబడుతుందో తేల్చడమే నా పని. కళ్ళముందు పెరిగిన మేనల్లుడు చెవిటి ముసలాడికి లేని పిల్లని చూపించి, ఆ పిల్లకి తల్లి లేకుండా చేసి, కన్ను తీసుకుని, చివరికి ఆ పిల్లని చంపాడని నమ్మాలా? అప్పులో పడి, చచ్చిపోయిన పిల్లని అసలు పుట్టనే లేదన్నాడని నమ్మాలా? రెండోది నీచమే. కానీ అది మనిషి చేసే నీచం. నువ్వు ఆ మొదటివాడివి కాదు. నిన్ను భుజాలమీద మోశాను, నాకు తెలుసు.

యంత్రం తప్పులు నేనూ చూశాను, ప్రెస్సులో. అవి వేరు. అమ్మ గురించి రాయాల్సి వచ్చినప్పుడల్లా ఏ యంత్రమూ తడబడదు.

నిఘంటువు అందింది. తండ్రి వెళ్ళిపోతూ నీకు ఇచ్చి ఉంటాడు. అది ఇంట్లో ఉంటే ఆయన చూడలేడు. ఒక్క పేజీ నలగలేదు. పొందికైన పిల్ల.

కట్ట మళ్ళీ విప్పలేదు, ఇదే బస్సులో వస్తోంది. నీ ఫ్లాటు సంగతి నాకు తెలీదు. నాకు ఇక ఉత్తరాలు రాయకు. పిల్ల లేదన్న ఆ మాట బయట ఎవరి దగ్గరా అనకు, ముఖ్యంగా ఆ తండ్రి దగ్గర. ఆయన చిరునామా దొరికిన రోజు మాత్రం ఒక కార్డు మీద అది ఒక్కటే రాసి పంపు. కింద నీ పేరు పెట్టనక్కర్లేదు.

మామయ్య